రాజవ్వకు యాదున్న తప్పు

రజని మొదటి అబద్ధం అలసిపోయి ఆడింది. ఆమె పక్షాన చెప్పుకోదగ్గ మాట ఇదొక్కటే గనుక ముందే చెప్పేయడం మంచిది. ఆ తరువాత ఆడినవన్నీ నిమ్మళంగా, కడుపునిండా తిని, గోడకు చేరబడి కూచుని ఆడినవే.

కోరుట్లలో ఒక ఇరుకు గల్లీ, అందులో రెండు గదుల రేకుల ఇల్లు. ఇంట్లో ఉండేది అత్త రాజవ్వ, కోడలు రజని, ఇద్దరే. రాజవ్వ కొడుకు మహిపాల్ మస్కట్‌లో కూలికి పోయి పద్నాలుగేళ్లయింది. రెండేళ్లకొకసారి వచ్చి, నెల రోజులు చుట్టంలా ఉండి, మళ్లీ పోతాడు. కూతురు సింధూజను సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే అతనికిచ్చారు. ఆమె కూడా అక్కడే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఒకరోజు సెలవడిగితే సూపర్‌వైజరు మొహం మాడ్చుకుంటాడు. కాబట్టి రాజవ్వను కనిపెట్టుకుని ఉండాల్సింది రజనే. ఆమె ఇష్టాయిష్టాలు ఎవరూ అడగలేదు.

రాజవ్వ ముప్పై ఐదేళ్లు బీడీలు చేసిన మనిషి. ఆమె చెయ్యి ఎంత చురుకో యాది అంత గట్టిది. వాడకట్టులో ఎవరి పెళ్లి ఏ ఏడు జరిగింది, పెళ్లిలో ఎవరు ఎవరికి ఏ రంగు చీర పెట్టారు, ఎవరు పెట్టకుండా ఎగ్గొట్టారు, అన్నీ నోటికుండేవి. అయితే ఈ యాదిని ఆమె ఊరికే దాచుకునేది కాదు, అవసరమైనప్పుడు తీసి కోడలి మీద వాడేది. పెళ్లయిన కొత్తలో రజని పప్పు మాడ్చిన సంగతి ఇరవై రెండేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ వడ్డించింది. "మా కోడలు మల్లాపూర్ కెల్లి అచ్చినప్పుడు దానికి పొయ్యి ఎటు దిక్కుంటదో గూడ తెల్వది" అని మొదలుపెడితే, చుట్టం చెయ్యి కడుక్కునేదాకా ఆపేది కాదు. రజని పక్కనే నిలబడి నవ్వేది. నవ్వకపోతే దాని గురించి ఇంకో కథ పుట్టేది.

అటువంటి రాజవ్వకు రెండేళ్ల కింద గుండె నీరసపడింది. ఊళ్లో డాక్టరు పరీక్ష చేసి, గుండె కొట్టుకోవడమైతే కొట్టుకుంటుంది గానీ తోయాల్సినంత రక్తం తోయడం లేదన్నాడు. ఉప్పు మానమన్నాడు, రోజుకు ఒకటిన్నర సీసా కంటే నీళ్లు తాగొద్దన్నాడు, నాలుగు రకాల గోలీలు రాశాడు. అందులో ఒకటి ఒంట్లో చేరిన నీళ్లను బయటికి పంపే తెల్ల గోలీ.

గుండె సంగతి అందరికీ అర్థమైంది. తల సంగతే ఎవరికీ అర్థం కాలేదు. రాజవ్వ పొయ్యి మీద పాలు పెట్టి మరిచింది. పక్కింటి రుక్కమ్మను చూసి పేరు తోచక నోరు తెరిచి నిలబడింది. ఇరవై ఐదు బీడీలకొక కట్ట కట్టాల్సిన మనిషి ఒక కట్టలో పద్దెనిమిది, ఇంకో కట్టలో ముప్పై కట్టింది. బీడీలు లెక్కపెట్టి తీసుకునే టేకేదారు చాటెడు వెనక్కి పంపాడు. ఆ రోజు రాజవ్వ చాట గోడకు ఆనించి మళ్లీ ముట్టలేదు. వయసు మీద పడింది, అందరికీ ఉండేదే అన్నారు వాడకట్టు వాళ్లు. అరవై మూడేళ్లకే ఇంత వయసు ఎట్లా మీద పడిందని ఒక్కరూ అడగలేదు. రజని అసలే అడగలేదు. ఇరవై రెండేళ్లుగా తన తప్పులన్నీ రాసిపెట్టుకున్న బుర్ర చెరిగిపోతుంటే ఏ కోడలు మాత్రం అడ్డుపడుతుంది?

పైగా ఆ తెల్ల గోలీ ఒక పెద్ద గోల. అది వేస్తే రాజవ్వకు అరగంటకోసారి బాత్రూముకు పోవాలి, లేపాలి, పట్టుకోవాలి, తేవాలి. పొద్దున్న ఒళ్లో చాట పెట్టుకుని కూచున్న రజనికి బీడీలు సాగేవి కావు. అందుకని తెల్ల గోలీని రోజు విడిచి రోజు వేయడం మొదలుపెట్టింది. తరువాత రెండు రోజులకొకటి. ఏం కాలేదు. కాళ్లు కొంచెం ఉబ్బాయి, అంతే.

మొదటి అబద్ధం ఒక మంగళవారం మధ్యాహ్నం. ఆ రోజు సింధూజ వస్తానని, సెలవు దొరకలేదని ఫోన్ చేసింది. రజని ఆ మాట అత్తకు చెప్పింది. పది నిమిషాలకు అత్త అడిగింది, "సిందు ఇంక రాలేదా?" మళ్లీ చెప్పింది. మళ్లీ అడిగింది. బీడీలు అప్పజెప్పే వేళ దగ్గరపడుతోంది, వందన్నర ఇంకా కావాలి, మెడ నరాలు గుంజుతున్నాయి. పదకొండోసారి అడిగేసరికి రజని తల కూడా ఎత్తకుండా అన్నది.

"అచ్చి పోయింది గదా అత్తా. పొద్దుగాల అచ్చింది, నీతోని తిన్నది, పోయింది. నువ్వే మర్సినవ్."

రాజవ్వ మెల్లగా, "అయ్యో, మర్సిన" అన్నది. గోడవైపు తిరిగి పడుకుంది. ఇక ఆ సాయంత్రం మళ్లీ అడగలేదు.

ఆ నిశ్శబ్దం రజనికి ఎంత రుచించిందో చెప్పలేం. ఇరవై రెండేళ్లలో అత్త తన ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. మరునాడు చాయ్ అడిగితే "తాగినవ్ గదా" అన్నది. తాగాననుకుంది రాజవ్వ. ఇంకోనాడు, "నన్ను మంచిగ చూస్తున్నవని నిన్న నువ్వే నాతోని అన్నవ్ గదా అత్తా" అన్నది. రాజవ్వ నమ్మలేనట్టు చూసింది గానీ కాదనే ధైర్యం లేకపోయింది. తన తల మీద తనకు నమ్మకం పోయిన మనిషి ఎదుటివాళ్ల తలతోనే బతకాలి మరి. రజని తల ఆ పనికి చక్కగా సరిపోయింది.

ఇంతవరకైతే చిల్లర దుర్మార్గమే, చెల్లిపోయేది. అసలుది రుక్కమ్మ వచ్చిన రోజు జరిగింది. ఆ పూట రాజవ్వకు తల కొంచెం తేటగా ఉంది. రుక్కమ్మ ఎట్లున్నవని అడిగితే, రజని అక్కడే ఉందన్న చూపు కూడా లేకుండా, "నా సిందు దగ్గరుంటే నాకు గీ గతి ఉండునా రుక్కమ్మా? పువ్వుల పెట్టి చూసుకునేది. పరాయి పిల్ల పరాయి పిల్లనే" అన్నది.

అత్తను బాత్రూముకు మోసి మోసి రజని నడుం పట్టేసి ఉంది. ఆ నడుంతోనే రుక్కమ్మకు చాయ్ ఇచ్చింది, వాకిలిదాకా సాగనంపింది, తలుపు దగ్గరికేసి వచ్చి అత్త పక్కన కూచుంది.

"నీ బిడ్డ ఇగ రాదత్తా" అన్నది. "ఎట్లస్తది? నువ్వు చేసిన పనికి."

"నేనేం చేసిన?"

"గది గూడ యాదికి లేదా? బీడీలు మంచిగ రాలేదని చాట తీసి మొఖం మీద కొట్టలేదా? తంబాకంత కండ్లల్ల పడి, పిల్ల కండ్లు తెరువలేక గోడ పట్టుకోని నడిచింది. నువ్వు ఒక్క చెంబెడు నీళ్లు గూడ ఇయ్యలే. గప్పుడు పోయింది ఏడ్సుకుంట."

రాజవ్వ కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. ఆ చెయ్యికి ఏదో తెలిసినట్టే ఉంది.

తెలియకేం? అది జరిగిందే. చాట విసిరింది రాజవ్వే, చాటలోని పొగాకు, ఆ తంబాకు, కళ్లల్లో పడిందీ నిజమే. కాకపోతే ఆ కళ్లు సింధూజవి కావు, రజనివి. అప్పటికి ఆమెకు పెళ్లయి నాలుగు నెలలు. మల్లాపూర్‌లో పసుపు చేనులో పనిచేసిన పిల్లకు తునికాకు కత్తిరించడమే చేతకాదు, బీడీ చుట్టడం ఎట్లా వస్తుంది? సగం బీడీలు వదులుగా ఉన్నాయని టేకేదారు వాటిని నలుగురిలో రాజవ్వ మొహాన కొట్టాడు. రాజవ్వ ఇంటికొచ్చి చాటను కోడలి మొహాన కొట్టింది. మూడు రోజులు రజని కళ్లు మిరపపళ్లలా ఉన్నాయి. ఇంట్లో జాలిపడిన మనిషి తొమ్మిదేళ్ల సింధూజ ఒక్కతే, చెంబుతో నీళ్లు తెచ్చి వదిన కళ్లు కడిగింది. ఈ సంగతి రాజవ్వ ఆ తరువాత ఏనాడూ ఎత్తలేదు. పప్పు మాడిన కథ ఇరవై రెండేళ్లు చెప్పిన మనిషికి ఈ కథ చెప్పదగ్గదిగా తోచలేదు. రజని మాత్రం రోజూ చాట ఒళ్లో పెట్టుకున్నప్పుడల్లా దాన్ని తలుచుకుంది.

ఇప్పుడు తన దెబ్బను తీసి ఆడబిడ్డ మొహానికి అంటించింది. అందుకే ఆ అబద్ధం అంత బాగా అతుక్కుంది.

రాజవ్వ మిగతా అన్నీ మరిచేది గానీ దీన్ని మరవలేదు. పొద్దున లేస్తూనే, "నేనెందుకు కొట్టిన రజనీ?" అనేది. "నాకేం ఎరుక, నీకే తెలవాలె" అనేది రజని. రోజు రోజుకూ రాజవ్వే అందులో కొత్త కొత్తవి చేర్చుకుంది. ఆ రోజు సిందు పచ్చ చీర కట్టుకుందని, చాట అంచు తగిలి చెవి కమ్మ ఊడి పడిందని, "అమ్మా కొట్టకే" అన్నదని. చెప్పి చెప్పి ఏడ్చేది. ఏడిస్తే ఆయాసం, ఆయాసం వస్తే లేచి కూచోవాలి, రెండు దిండ్లు వీపు కింద పెట్టాలి. రజని దిండ్లు పెట్టేది. పెడుతూ వినేది.

"తప్పయింది బిడ్డా, తప్పయింది. నా చెయ్యి ఇరుగ" అని రాజవ్వ గాలిలోకి చేతులు జోడించేది. రజని ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన మాట అదే. కళ్ల ముందు, చేతికందేంత దూరంలో వినబడుతోంది. కాకపోతే పేరు వేరే. మొదట రెండు రోజులు ఆ మాట విని కడుపు చల్లబడింది. మూడో రోజు నుంచి కడుపులో మంట మొదలైంది. "నాకు చెప్పు గా మాట" అనాలని నాలుక చివరిదాకా వచ్చేది. ఎట్లా అంటుంది?

అటు సింధూజ ఫోన్ చేస్తే, "అమ్మకు నీ మీద కోపంగున్నది. బతుకమ్మకు రాలేదని. నీ పేరెత్తితెనే ఆయాసమస్తున్నది, కొన్నొద్దులు ఆగు" అన్నది. సింధూజకూ తల్లి రక్తమే, రోషానికి తక్కువ లేదు. కోపం తీరినంక నువ్వే చెప్పు వదినా అని ఊరుకుంది. అట్లా ఏడు నెలలు గడిచాయి.

ఏడో నెలలో ఒక పొద్దున రాజవ్వ కాళ్లు మోకాళ్లదాకా ఉబ్బి, పెదవులు నల్లబడి, మాట రాక గురగురమంటుంటే, రుక్కమ్మ కొడుకు ఆటో పిలిచాడు. జగిత్యాల పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇంజక్షన్లు ఇచ్చారు, ముక్కుకు గాలి పెట్టారు.

రెండో రోజు పొద్దున డాక్టరమ్మ రజనిని పిలిచింది. "గుండె పంపింగ్ బాగా తగ్గింది. నీళ్ల గోలీ రోజూ వేస్తున్నవా?"

"ఏస్తున్న మేడం."

డాక్టరమ్మ ఆమె మొహం చూసి కాగితంలో ఏదో రాసుకుంది. "మతిమరుపు ఎప్పటినుంచి?"

"రెండేండ్ల సంది. వయసు గదా మేడం."

"వయసు ఒక్కటే కాదమ్మా. గుండె సరిగా తోయకపోతే మెదడుకు చాలినంత రక్తం అందదు. అప్పుడు యాది పోతది, ఆలోచన మందగిస్తది, ఎవరేం చెప్తే అది నమ్ముతరు. ఒంట్లో నీళ్లు దిగినంక, మందులు సక్కగ పడితే చానామందికి కొంత తేట వస్తది. పూర్తిగా కాకున్నా, కొంత. మంచిదే గదా?"

"మంచిదే" అన్నది రజని. వచ్చి బెంచీ మీద కూచుంది. పోయిన యాది మళ్లీ రావడమనేది ఒకటి ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? అది తెలిస్తే ఇంత దూరం వచ్చేదా?

డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. నాలుగో రోజుకు కాళ్ల వాపు దిగింది. రాజవ్వ ఇది జగిత్యాల అన్నది, ఇవ్వాళ శుక్రవారమన్నది. పక్క మంచం మీద ఉన్న లాల్‌బీ మెట్‌పల్లిలో ఎవరి ఇంటి కోడలో ఆరా తీసి, ఆమె అత్తగారి పేరు కూడా తానే చెప్పింది. రజని ఆ మాటలు వింటూ అత్త మొహమే చూస్తూ కూచుంది. ఏ క్షణాన తన వైపు తిరిగి "నా బిడ్డ ఎప్పుడు అచ్చింది? నేనెప్పుడు కొట్టిన?" అంటుందోనని.

రాజవ్వ అట్లా అనలేదు. రజని ఇడ్లీ తేవడానికి బయటికి పోయినప్పుడు లాల్‌బీ కూతురు నాహీద్‌ను పిలిచి, సింధూజ ఫోన్ నెంబరు పది అంకెలూ గడగడా చెప్పి, కలపమన్నది. "ఒక్కసారి అచ్చిపో బిడ్డా. ఎంత కోపమున్నా సరే, ఒక్కసారి" అని ఏడ్చింది.

మధ్యాహ్నానికి సింధూజ వేములవాడలో బస్సు మారి వచ్చింది. వార్డులోకి వస్తూనే తల్లి మీద పడింది. "నాకు కోపమేందమ్మా? నీకే గదా నా మీద కోపం."

రాజవ్వ ఆ మాట చెవిన వేసుకోలేదు. బిడ్డ చెంపలు తడిమింది, కళ్ల కింద వేలితో రాసింది. "ఇంక మండుతున్నయా బిడ్డా? నేను పాపిష్టిదాన్ని. చాటతోని కొట్టిన. గంత తంబాకు కండ్లల్ల పడితే నీళ్లన్న ఇయ్యలే."

సింధూజకు అర్థం కాలేదు. "నన్నెప్పుడు కొట్టినవమ్మా? నేను ఇంటికి రాకనే ఏడు నెలలాయె."

"కొట్టిన. పచ్చ చీరె కట్టుకున్నవ్. నాకు మంచిగ యాదికున్నది. నన్ను ఓదార్చుటానికి చెప్తున్నవ్." రాజవ్వకు ఊపిరి ఎగదన్నుతోంది. ముక్కుకు పెట్టిన గొట్టం పీకి, మంచం దిగి, కన్న బిడ్డ కాళ్ల మీదికి వంగబోయింది. "నన్ను మాఫ్ జెయ్యి బిడ్డా."

అప్పుడు రజని నోరు తెరిచింది. జాలితో తెరిచిందని చెబితే బాగుంటుంది గానీ అది నిజం కాదు. తనకు రావాల్సిన మాట ఇంకొకరి కాళ్ల దగ్గర పడిపోతుంటే చూడలేక తెరిచింది.

"గది నన్ను, అత్తా" అన్నది. "సిందును కాదు. నన్ను కొట్టినవ్ చాటతోని. నేను కొత్తగ అచ్చినప్పుడు. సిందు అచ్చిందని, నువ్వు కొట్టినవని, అన్ని నేను చెప్పిన అబద్దాలు. నా కండ్లల్ల పడ్డది తంబాకు."

వార్డులో నాలుగు తలలు ఇటు తిరిగాయి. సింధూజ వదిన వైపు చూసింది. ఆమెకు ఒక్కొక్కటిగా అంతా తెలిసింది, ఫోన్లు, కోపం, ఏడు నెలలు.

రాజవ్వ మాత్రం తల అడ్డంగా ఊపింది. చెయ్యి చాపి రజని చెయ్యి పట్టుకుంది. "నిన్నెందుకు కొడ్త బిడ్డా?" అన్నది, ఎంతో ప్రేమగా. ఇరవై రెండేళ్లలో రజనిని బిడ్డా అనడం అదే మొదలు. "నిన్ను నేనేనాడన్న కొట్టిన్నా? చూసిన్రా లాల్‌బీ, నా కోడలు నా తప్పును తన మీదేసుకుంటున్నది. నా బిడ్డ ముందల నా మొఖం చిన్నగ కావద్దని. గిసొంటి కోడలు ఎవలకుంటది?"

"నసీబ్ ఉండాలె" అన్నది లాల్‌బీ.

"నేను చెప్పేది నిజం అత్తా" అన్నది రజని. "యాదికి తెచ్చుకో. టేకేదారు బీడీలు వాపస్ చేసిండు. నువ్వు ఇంటికచ్చి..."

"ఊకో బిడ్డా, ఊకో" అన్నది రాజవ్వ. ఆయాసం ముదిరింది, పెదవులు మళ్లీ నల్లబడుతున్నాయి. నర్సు పరుగెత్తుకొచ్చి గొంతు పెంచింది, "ఏమన్న ఒప్పుకోన్రి, ముందల ఆమెను పండబెట్టున్రి. గుండె తట్టుకోదు."

సింధూజ తల్లి భుజాలు పట్టి వెనక్కి పడుకోబెట్టింది. చూపు మాత్రం వదిన మీదే ఉంది.

"అవునమ్మా" అన్నది. "నన్నే కొట్టినవ్. పచ్చ చీరె కట్టుకున్న. కండ్లు మస్తు మండినయ్. మూడొద్దులు మండినయ్. అయినా గని నేను మాఫ్ చేసిన. నా మనసుల ఏం లేదు."

"నిజంగనా?"

"నిజంగనే. అయిపోయిందమ్మా గా ముచ్చట. ఇగ ఎవ్వలు ఎత్తద్దు."

రాజవ్వ రెండు చేతులతో బిడ్డ చెయ్యి కళ్లకద్దుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. ఏడు నెలల తరువాత మనిషి హాయిగా నిద్రపోయింది.

రజని ఆడబిడ్డ వెనకే బయట వరండాలోకి వెళ్లింది. "సిందూ, నువ్వే గదా చెంబుల నీళ్లు తెచ్చి నా కండ్లు కడిగినవ్. నీకు యాదికి లేదా?"

"యాదికున్నది వదినా" అన్నది సింధూజ. "తొమ్మిదేండ్లున్నయ్ నాకు. నీ కండ్లు చూసి నేనే ఎక్వ ఏడ్సిన. అమ్మ ఒక్కనాడన్న నీ ముందల తప్పయిందంటదేమోనని పెద్దగయినంక గూడ ఎదురుచూసిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇయ్యాల అన్నది. నాకన్నది. నువ్వే అనిపిచ్చినవ్. అన్నకేం చెప్ప, భయపడకు. ఎప్పటి లెక్కనే చూసుకో అమ్మను. తెల్ల గోలీ సక్కగ పడలేదని నర్సమ్మ అన్నది, ఇగ అది మాత్రం రోజూ నేను ఫోన్ల చూస్తుండంగ ఎయ్యాలె."

నాలుగు గంటల బస్సుకు ఆమె సిరిసిల్ల వెళ్లిపోయింది. తెల్లవారి డ్యూటీ ఉంది.

రజని వార్డులోకి వచ్చి స్టూలు మీద కూచుంది. తన కళ్లలో పడిన తంబాకు గురించి ఇద్దరు మనుషులు మాట్లాడుకుని, ఒకరు తప్పయిందన్నారు, ఒకరు క్షమించారు. అందులో తనను అడగాల్సింది ఏమీ మిగల్లేదు. ఇక అత్త వందేళ్లు బతికినా, బుర్ర అద్దంలా తేటపడినా, ఆ మాట తన దాకా రాదు. వచ్చే దారిలో తానే గోడ కట్టుకుంది.

రాజవ్వ కళ్లు తెరిచింది. పక్కన కోడల్ని చూసి మొహమంతా వెలిగింది.

"రజనీ, నా సిందు అచ్చింది. నన్ను మాఫ్ చేసింది" అన్నది. "నువ్వు గూడ విన్నవా?"

"విన్న అత్తా" అన్నది రజని.